క్యూలో మూడు అర్జీలు

ఉద్యోగం ముగించుకుని ఇంట్లో కూర్చున్నాక నన్ను చాలామంది ఒకే మాట అడిగారు. కంప్యూటర్ ముందు అన్నేళ్ళు కూర్చుని నువ్వు చేసిన పనేమిటి అని. "పోని ఉత్తరాలను చూసేదాన్ని" అంటే నవ్వుతారు. పోయిన ఉత్తరాల గురించి ఎవరూ నా దగ్గరకు వచ్చేవాళ్ళు కారు మరి. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను సలహా అడుగుతుంటారు. సలహాలివ్వడం నాకు చేతకాదు. నేను చేసిన ఒక తప్పు మాత్రం చెబుతాను, అది నాకు బాగా గుర్తుంది.

మాది పల్లెల్లో బోరు నీళ్ళూ, పొలాల మట్టీ పరీక్ష చేసే సంస్థ. పెద్దాఫీసు బెంగళూరులో, జిల్లా ఆఫీసు చిక్కబళ్ళాపురంలో, బాగేపల్లిలో ఒక కేంద్రం, చింతామణిలో ఒకటి. సంస్థ పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. నేను జిల్లా ఆఫీసులో టైపిస్టుగా చేరాను. కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని చూసి భయపడని మనిషి నేనొక్కదాన్నే కావడంతో, మెయిల్ సర్వర్ నా నెత్తిన పడింది. భయం లేకపోవడానికి కారణం తెలివి కాదు, అది పాడైతే ఏమవుతుందో నాకు తెలియకపోవడం.

రెండు కేంద్రాల మెయిళ్ళూ మా సర్వర్ ద్వారానే బయటికి పోవాలి. పోవలసిన చోటికి పోలేని మెయిలు మాయమైపోదు. వరుసలో నిలబడి, కాసేపాగి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ వరుసనే క్యూ అంటాం. ఒక చిన్న ఆదేశం టైపు చేస్తే ఆ జాబితా తెర మీదికి వస్తుంది. ఒక్కో మెయిలుకు ఒక నంబరు, దాని సైజు, వచ్చిన సమయం, పంపినవారి అడ్రసు, చేరవలసిన అడ్రసు, ఎందుకు ఆగిందో ఒక ముక్క. అంతే. లోపల ఏముందో కనబడదు. కవరు మీద అడ్రసు చదివినట్టు. లోపలిది చూడాలంటే ఆ నంబరు వేసి ఇంకో ఆదేశం ఇవ్వాలి. ఈ సంగతికి ఇంత తెలిస్తే చాలు.

పొద్దున్నే బ్యాగు పెట్టేలోపే క్యూ చూసేదాన్ని. మా మేనేజరు మంచివాడు, కానీ ఆయనకు సున్నా అంటే ప్రాణం. క్రికెట్ స్కోరు అడిగినట్టు తలుపు దగ్గర నిలబడి "ఈరోజు ఎంత?" అనేవాడు. "సున్నా సార్" అంటే ఆయన ముఖం వెలిగిపోయేది. నిజం చెప్పాలి, నా ముఖం కూడా. ఇన్నేళ్ళకు నాకంటూ ఒక ఘనత దొరికిందని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ సున్నాకు అడ్డం పడేది బాగేపల్లి. అక్కడ రోడ్డు వెడల్పు చేసే పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. వారానికొకసారి తవ్వి కేబుల్ తెంచేవాళ్ళు. అక్కడి గుమాస్తా నాకన్నా పదేళ్ళు పెద్ద, నియమం తప్పని మనిషి. లైను మీద నమ్మకం లేక ప్రతి మెయిలూ మూడుసార్లు పంపేవాడు. పంపి, నాకు ఫోన్ చేసేవాడు.

"అమ్మా, మూడు తూర్లు పంపించినాను. ఒకటన్నా పోతాదిలే."

ఆయన లెక్క ఆయనది. పైగా మూడుసార్లూ కాగితాన్ని మళ్ళీ స్కాన్ చేసి మరీ పంపేవాడు, మొదటి స్కాన్ చెడిపోయి ఉండొచ్చని అనుమానం. చింతామణిలో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడి గుమాస్తా ఆడమనిషి, మెయిలు ఒక్కసారే పంపి ఫోను మూడుసార్లు చేసేది. "ఇప్పుడు ఒత్తినానమ్మా, కనబడిందా? కనబడలేదా? ఇప్పుడు?" వీళ్ళిద్దరి మధ్య నా ఉద్యోగం సుఖంగానే సాగింది.

బాగేపల్లి నుంచి వచ్చి ఆగిన మెయిళ్ళలో ఆఖరుది ఉంచి, ముందు రెండూ తీసేయడం నా పద్ధతి. మొదట్లో ఒక్కొక్కటీ తెరిచి, మూడూ ఒకటేనని చూసుకుని తీసేదాన్ని. ఏడాది గడిచేసరికి తెరవడం మానేశాను. ఒకే అడ్రసు నుంచి ఒకే అడ్రసుకు, కొంచెం అటూ ఇటూగా ఒకే సైజువి మూడు కనబడితే చాలు, చెయ్యి దానంతటదే పోయేది. సైజులో తేడా వస్తే, మళ్ళీ స్కాన్ చేసుంటాడులే అనుకునేదాన్ని. చాలాకాలం ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ సంవత్సరం పెద్దాఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దినకూలి మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళను ఖాయం చేస్తారు. ఒక్కొక్కరి అర్జీ వాళ్ళ కేంద్రం అడ్రసు నుంచే మెయిల్‌లో రావాలి, ఫలానా రోజు సాయంత్రం ఐదులోపల. అసలు కాగితాన్ని ఎవరిది వాళ్ళే దాచుకుని ఇంటర్వ్యూకు తేవాలి. ఒకరి అర్జీ ఒక్కసారే పంపాలి, రెండోసారి వస్తే రెండూ కొట్టేస్తారు.

బాగేపల్లిలో అర్జీ పెట్టుకున్నవాళ్ళు ముగ్గురు. అందులో ఒకామె మిట్టేమరి అనే ఊరి మనిషి. పన్నెండేళ్ళుగా ఊరూరూ తిరిగి బోరుబావుల నీళ్ళు సీసాల్లో పట్టి, వాటి మీద చీటీలు అంటించి తెచ్చేది. ఆమె సీసాల్లో ఒక్క చీటీ కూడా తప్పు ఉండేది కాదని ల్యాబు వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆమెకు అదే ఆఖరి అవకాశం. మరుసటి సంవత్సరానికి వయసు పరిమితి దాటిపోతుంది, తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా లాభం లేదు.

గడువుకు ముందురోజు మధ్యాహ్నం గుమాస్తా మూడు అర్జీలూ పంపాడు. అన్ని జిల్లాల నుంచీ ఒకేసారి వచ్చిపడుతుండడంతో పెద్దాఫీసు సర్వర్ 'తర్వాత రా' అంటూ అందర్నీ ఆపుతోంది. అలా మూడూ నా క్యూలో నిలబడ్డాయి. ఐదు గంటలకు ఇంటికి బయలుదేరబోతూ చివరిసారి జాబితా చూశాను. బాగేపల్లి నుంచి పెద్దాఫీసుకు మూడు, పది నిమిషాల తేడాలో, దాదాపు ఒకే సైజు. అలవాటు చొప్పున ముందు రెండూ తీసేసి, సంచి తగిలించుకుని బస్టాండుకు నడిచాను. ఆ పూట నిమ్మకాయలు కొన్నట్టు కూడా గుర్తుంది. మనసులో ఏ శంకా లేదు.

పొద్దునకు ఆ ఒక్కటీ దానంతటదే పోయింది. మేనేజరుకు సున్నా చెప్పాను. ఆయన సంతోషించాడు. పదిన్నరకు బాగేపల్లి నుంచి ఫోన్.

"అమ్మా, పెద్దాఫీసు నుంచి ఒక అర్జీకే జవాబొచ్చిండాది. ఇంగ రెండు యాడ పోయినాయి?"

"ఏ రెండప్పా?"

"నిన్న పంపించినాను గదా, ముగ్గురివి మూడు."

"ఒక్కొక్కటి ఎన్ని తూర్లు పంపించినారప్పా?" అని అడిగాను.

"ఒక్కొక్క తూరేమ్మా. రెండోతూరి వస్తే కొట్టేస్తామని రాసిండారు గదా."

ఆ మనిషి తన సర్వీసు మొత్తంలో ఒక మెయిలును ఒక్కసారే పంపిన రోజు అదొక్కటే. దాన్ని నేను నా పద్ధతిలో శుభ్రం చేశాను.

ఆయనే సర్దిచెప్పాడు. "మన లైను సంగతి తెలిసిందే గదమ్మా. ఆ రోడ్డు తవ్వేవాళ్ళు మళ్ళా ఏందో తెంచినట్టుండారు. అదే మింగేసిండాది."

మీతో అబద్ధమాడి ఏం లాభం? ఆ మాట నాకు అమృతంలా వినబడింది. ఊ అంటే చాలు. మేనేజరు కూడా లైను పాడైందని ఒక ముక్క రాసి పడేయమనేవాడు. జరిగినదంతా రాసిపెట్టుకునే సర్వర్ చిట్టాలో నేను తీసేసినట్టు ఒక వరుస ఉంటుంది, కానీ ఆ చిట్టా చదివేదీ నేనే. అప్పుడు మిట్టేమరి ఆమె వయసు గుర్తొచ్చింది. లైను మింగిందంటే ఆయన లైను బాగయ్యేదాకా కూర్చుంటాడు. అంత సమయం ఆమెకు లేదు.

"లైను మింగలేదప్పా, నేనే తీసేసినాను. ఎప్పటి మాదిరి ఒకే దాన్ని మూడు తూర్లు పంపించినారనుకున్నాను. తెరిచి చూడలేదు."

అటువైపు ఏదో బస్సు హారన్ వినబడింది. ఆయన అన్నాడు. "సరేమ్మా. ఇప్పుడు టైమెంత?"

ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

మళ్ళీ పంపుదామంటే ఆయన దగ్గర ఏమీ లేదు. పాత కంప్యూటర్లో జాగా చాలడం లేదని, పంపిన మెయిళ్ళ కాపీలు మిగలకుండా చేసింది నేనే. ఆయన స్కాన్ చేసిన ప్రతి కాగితమూ ముందుదాన్ని చెరిపేసి దాని మీదే ఎక్కేది, కాబట్టి మిగిలింది మూడో మనిషి అర్జీ, అదేమో ఇప్పటికే చేరిపోయింది. ఇక అసలు కాగితాలే గతి. పోయిన రెండు అర్జీల్లో ఒకటి పక్క బల్ల దగ్గర పనిచేసే అతనిది. ఇల్లు బాగేపల్లిలోనే, పరిగెత్తి తెచ్చాడు. మధ్యాహ్నానికి అది క్యూలోకి వచ్చింది, ఒకటిన్నరకు పోయింది. రెండోది మిట్టేమరి ఆమెది. కాగితం ఇంట్లో పెట్టెలో ఉంది, పెట్టె తాళంచెవి ఆమె నడుముకు ఉంది, ఆమె మాత్రం సీసాల సంచితో ఏ ఊళ్ళో ఏ బోరు దగ్గర ఉందో తెలియదు. ఫోన్ చేస్తే అందడం లేదు.

"నేను బస్సెక్కి వస్తానప్పా" అన్నాను.

"నువ్వొచ్చి ఏం చేస్తావమ్మా? ఆ క్యూ కాడ ఉండు. ఆయమ్మ ఈ దినం పోవాల్సిన బోర్ల పట్టీ నా దగ్గరుండాది. నేను పోతాండాను."

రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మనిషి, ఆఫీసును పక్క బల్ల అతనికి అప్పగించి, తన పాత మోపెడ్ మీద బయలుదేరాడు. పట్టీలో మొదటి ఊరు వెళ్తే ఆమె అప్పటికే నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయిందన్నారు. రెండో ఊళ్ళోనూ అంతే. ఆమె అంత చురుకైన మనిషి కాకపోయి ఉంటే తొందరగా దొరికేదని ఆయన తర్వాత నాతో అన్నాడు. మూడో ఊళ్ళో, ఒక టమాటా తోట గట్టు మీద కూర్చుని చీటీలు రాస్తూ కనబడిందట. అక్కడి నుంచి మిట్టేమరికి, పెట్టె తీసి, ఇద్దరూ అదే మోపెడ్ మీద బాగేపల్లికి. ఆయనది పాత బటన్ ఫోను, ఆ ఊళ్ళల్లో సిగ్నల్ దొరకదు. ఆ నాలుగు గంటలూ నాకు ఆయన దగ్గర నుంచి ఒక్క కబురూ లేదు.

నేను ఆ గదిలో కూర్చుని చేసిన పని ఏమిటంటే, ఖాళీ క్యూను చూడడం. జీవితంలో మొదటిసారి సున్నా నాకు నచ్చలేదు. క్యారియరు మూత కూడా తీయలేదు. ఈలోగా చింతామణి ఆమె ఫోన్ చేసింది, పరీక్షల ఫలితాలు నలభై మెయిళ్ళు పెద్దాఫీసుకు పంపబోతున్నానని. మా సర్వర్ నుంచి ఒకేసారి అన్ని పోతే పెద్దాఫీసు మమ్మల్ని ఇంకా వెనక్కి నెడుతుంది. సంగతి చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, ఫోను చేతిలో ఉండగానే వెనక్కి తిరిగి తన ఆఫీసు వాళ్ళతో అన్న మాటలు నాకు వినబడ్డాయి.

"ఐదు గంటలదాకా ఎవురూ మెయిల్ పంపద్దండప్పా. బాగేపల్లి అమ్మ అర్జీ పోవాలంట."

ఆ రోజు ఆమె మళ్ళీ ఫోన్ చేయలేదు. చేయాలని ఎంత తహతహలాడి ఉంటుందో నాకు తెలుసు.

నాలుగూ ఇరవైకి క్యూలో ఒక వరుస కదిలింది. బాగేపల్లి నుంచి పెద్దాఫీసుకు. ఈసారి తెరిచాను. పైనే ఆమె పేరు, ఊరు. నాకూ ఒక కాపీ పంపమన్నాను కాబట్టి అర్జీ మొత్తం నా ముందుకు వచ్చింది. మొదటి పేజీ నుంచి ఆఖరి సంతకం దాకా చదివాను.

మెయిలు మాత్రం కదలలేదు. 'తర్వాత రా.' మళ్ళీ పంపమని సర్వర్‌ను నెట్టాను. 'తర్వాత రా.' ఐదారుసార్లు నెట్టాను. నాలుగూ ముప్పైకి భయం పట్టుకుని పెద్దాఫీసులో నాలాంటి పని చేసే ఆయనకు ఫోన్ చేశాను. ఎన్నో ఏళ్ళుగా ఒకరి సర్వర్ ఒకరికి తెలుసు గానీ మనిషిని చూసింది లేదు. ఆయన కన్నడంలో తాపీగా, తలుపు తట్టేది మీరేనా, తట్టిన ప్రతిసారీ మీ వంతు వెనక్కి పోతోంది, పావుగంట దాన్ని ముట్టుకోకండి అన్నాడు. నేనేమీ దగ్గరుండి తీసుకోలేను, అది దాని వరుసలో వస్తేనే లెక్క అని కూడా అన్నాడు. కోపం వచ్చింది గానీ ఆయన అన్నది న్యాయమే.

అంత కష్టమైన పావుగంట నేను నా ముగ్గురు పిల్లల పరీక్షలప్పుడు కూడా చూడలేదు. కీబోర్డు మీద చెయ్యి పోకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మేనేజరు తలుపు దగ్గరకొచ్చి "ఎంత?" అన్నాడు. "ఒకటి" అన్నాను. నా ముఖం చూసి లోపలికొచ్చి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు అప్పుడే మొత్తం చెప్పాను. విని, గోడ గడియారం వైపు చూసి, ఫ్యాను కొంచెం పెంచాడు. నాలుగూ యాభై రెండుకు మళ్ళీ జాబితా అడిగాను. క్యూ ఖాళీ అని వచ్చింది. చిట్టా తీసి చూస్తే, అవతలివాళ్ళు అందుకున్నట్టు ఉంది. బాగేపల్లికి ఫోన్ చేస్తే గుమాస్తా "పోయిందా?" అని ఒక్క మాటే అడిగాడు. పోయిందంటే, "అయితే నేను అన్నం తింటానమ్మా" అన్నాడు.

ఆమె ఖాయమైంది. మీరు ఇంకా కంగారు పడకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను. అయితే నా పని ముగియలేదు. ఆ రోజు గుమాస్తాకు చెప్పాను, చింతామణికి చెప్పాను, మేనేజరుకు చెప్పాను, చెప్పవలసిన మనిషికి మాత్రం చెప్పలేదు. ఫలితం వచ్చేదాకా ఆగాను. దాన్ని పిరికితనమంటే కాదనను.

ఖాయం చేసిన ఉత్తర్వు తీసుకోవడానికి ఆమె చిక్కబళ్ళాపురం వచ్చినప్పుడు, ఆఫీసు ఎదురుగా కాఫీ అంగడికి తీసుకెళ్ళాను. ఆకుపచ్చ చీర కట్టుకుని, కవరును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేను చెప్పింది విని, నమ్మనట్టు చూసింది.

"లైను మింగిండాదని సారు చెప్పినాడే."

ఆయన నా పేరు బయటికి రానివ్వలేదని నాకు అప్పుడే తెలిసింది. "లైను కాదమ్మా, నేను" అన్నాను.

ఆమె కాఫీ లోటా పక్కకు జరిపింది. ముఖం ఎర్రబడింది. ఉద్యోగం వచ్చింది కదా, నవ్వి వదిలేస్తుందని నేను అనుకున్నాను. వదల్లేదు.

"పన్నెండేండ్లు నీళ్ళ సీసాలు మోసినానమ్మా. ఒక్క చీటీ తప్పు అంటించలేదు. తెరిచి చూడను ఎంతసేపు పడతాది?"

"అర నిమిషం."

"రెండుకీ ఒక నిమిషం" అని, వీధి వైపు తిరిగి కూర్చుంది.

తప్పయిందన్నాను. అంతకంటే మంచి మాట తట్టలేదు. కాఫీ చల్లారిపోయింది. బస్సుకు ఇంకా సమయముంది, అయినా లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె వెళ్ళలేదు. ఇటు తిరక్కుండానే అడిగింది.

"మళ్ళా పంపించినప్పుడన్నా చూసినావా?"

"చూసినాను. పేరు, ఊరు, సహి, ఫోటో, అంతా చదివినాను."

"ఫోటోలో ఎట్లుండాను?"

"కోపంగా ఉండావు."

ఆమె పెదవులు కదిలాయి. "ఆ స్టూడియో ఆయప్ప నవ్వద్దన్నాడు. గవర్నమెంటు అర్జీకి నవ్వకూడదంట." చల్లారిన కాఫీ దగ్గరకు లాక్కుని తాగింది. "ఇప్పుడు కార్డుకి ఇంగొక ఫోటో అడిగిండారు. ఈ తూరి నవ్వి తీయించుకుంటాను. ఎవురేమన్నా సరే."

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ప్రతి ఆగిన మెయిలునూ తెరిచి చూశాకే తీసేదాన్ని. పొద్దున పని అరగంట పెరిగింది. మేనేజరుకు సున్నా ఆలస్యంగా అందేది, ఆయన సర్దుకున్నాడు.

ఆమె వచ్చి వెళ్ళిన పది రోజులకు బాగేపల్లి నుంచి పెద్దాఫీసుకు ఒక మెయిలు వచ్చి క్యూలో ఆగింది. సైజు చిన్నది. నంబరు వేసి తెరిచాను. ఉద్యోగి గుర్తింపు కార్డుకు ఫోటో అని ఉంది, కింద ఆమె పేరు. ఫోటోను నా కంప్యూటర్‌లోకి తీసి చూశాను. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.